కాబూలీవాలా కాగితము, అమలుని యుత్తరము

1919వ సంవత్సరము ఫిబ్రవరి నెల చివర రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెలో కొన్నిదినములు విడిసియుండెను. అనీబిసెంటమ్మగారు 1915లో నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాలకు అప్పుడు ఐర్లండు కవియగు జేమ్సు కజిన్సు ప్రిన్సిపాలు. ఆ కళాశాలలోనే రవీంద్రుడు ‘జనగణమన’ గీతమును ఆంగ్లమున వ్రాసి యిచ్చుటయు, మార్గరెట్టు కజిన్సమ్మగారు దాని స్వరమును లిపిబద్ధము చేయుటయు మదనపల్లెలో బడిపిల్లలుకూడ నెఱిగిన సంగతులు. ఆ పాటనుగూర్చి వలసినంత వ్రాయబడినది. మేము దాని జోలికి పోము. ఆ రాకలోనే మఱియొక యంశము కలదు. అప్పటికి పదినెలలు నిండకముందే, 1918 మే నెలలో, రవీంద్రుని పెద్దకూతురు మాధురీలత క్షయవ్యాధితో కన్నుమూసెను. ‘కాబూలీవాలా’ కథలోని మినీని ఈ కూతురి పోలికలతోనే కల్పించితినని ఆయనయే చెప్పియున్నాడు. 1892లో ఆ కథ వెలువడునప్పటికి ఆమెకు అయిదాఱేండ్ల ప్రాయము. మినీతండ్రి మినీని పోగొట్టుకొని వచ్చి దిగిన యూరికి దాపుననే, క్షయరోగులకై 1915లో తెఱవబడిన ఆరోగ్యవరపు చికిత్సాలయము ఉండెను.

అట్టిచోట ఆయన మనస్సులో నేమి మెదలెనో యూహించి వ్రాయుట విమర్శకుల పనికాదు. కాని యీ యొక్క సంగతి మాచేత ఆ కథను మఱల చదివించినది. దానితోపాటు 1912లో అచ్చయిన ‘డాక్‌ఘర్’ నాటకమునుకూడ చదివించినది. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివినపిదప మాకు కలిగిన యభిప్రాయము, ‘కాబూలీవాలా’నుగూర్చి మనము వాడుకగా చెప్పుకొను మెప్పుదలకు కొంత యెదురుగా నున్నది. అందుచేతనే దానిని చదువరుల యెదుట పెట్టుచున్నాము.

కథ తెలియనివారు అరుదు. మినీకి మాట లాగదు. తల్లి కసరుచుండును. తండ్రి తన నవల పదునేడవ ప్రకరణములో మునిగియుండి ‘ఊ’ కొట్టుచుండును. ఈ పిల్ల తల్లిదండ్రులున్న యింట, నౌకరులున్న యింట పెరుగుచున్నది. ఒంటరితనమను మాట ఆమెకు తగదని మనకు తోచును. అయినను ఆమె మాటకు చెవియొగ్గువాడు ఆ యింట లేడు. వీథిలో పోవు రహమతు, భుజమున సంచి, చేతిలో ద్రాక్షపండ్ల పెట్టెలతో వచ్చి గుమ్మమున కూర్చుండి వినును. సంచిలో ఏమున్నదని పిల్ల యడుగును. ఏనుగున్నదని వాడు చెప్పును. అత్తవారింటికి ఎప్పుడు పోదువని వాడడుగును. నీవెప్పుడు పోదువని పిల్ల తిరుగనడుగును. (జైలునకు అత్తవారిల్లని మన తెలుగునను పరిహాసనామము కలదు కావున ఈ ముచ్చట మనకు వ్యాఖ్యానము లేకయే తెలియును.) ప్రతిదినము ఇవే మాటలు. వానికి బంగాళీ సరిగా రాదు, ఆమెకు లోకము తెలియదు. మాటలలో ఏమియు లేదు. ఉన్నదంతయు మాటలకు వెలుపలనే యున్నది.

అది యేమో మినీకి తెలియదు. ఆమె తండ్రికిని కథ చివరవఱకు తెలియదు. బాకీదారుని పొడిచి రహమతు జైలునకు పోవును. కొన్నియేండ్లకు విడుదలయై, మినీ పెండ్లినాడే గుమ్మమున నిలుచును. నేడు వీలుపడదని తండ్రి పంపివేయబోవగా, రొమ్ములోనుండి మాసిన కాగితపుముక్క తీసి బల్లపై పఱచును. దానిమీద చిత్రపటము లేదు, అక్షరము లేదు; మసి పూసి యొత్తిన చిన్న యఱచేతి ముద్ర మాత్రమున్నది. ఏటేట కలకత్తా వీథులలో ఎండుద్రాక్షలు బాదములు అమ్ముకొనుచు వాడు ఈ కాగితమును ఱొమ్మున నిడుకొని తిరిగినాడు. మినీ యెదుట కూర్చుండి వాడు విన్న ప్రతిమాటయు ఎచ్చటనో కొండలలోనున్న మఱియొక పిల్ల మాటగా విన్నాడు.

ఇక్కడ మన మెప్పుదల మొదలగును. తండ్రిహృదయము కాబూలులోనైనను కలకత్తాలోనైనను ఒక్కటియే యనియు, జాతిమతములు దానికి అడ్డురావనియు ఉపన్యాసములలో చెప్పుదుము. అది నిజమే; కథకుడును అంతవఱకు చెప్పినాడు. కాని ఆ మాటతో పుస్తకము మూయువారు ఆ కాగితమును సరిగా చూడలేదని మా తలంపు. ఆ ముద్ర తండ్రిది కాదు, పిల్లది. ఆ పిల్లకు కథలో పేరు లేదు. ఆమె యే గడపలో కూర్చుండెనో, తండ్రి రాని యేండ్లలో ఎవరిని ఏమని యడిగెనో, వాడు జైలులోనున్నాడని ఆమెకు చెప్పినవారున్నారో లేదో ఒక్క వాక్యమైనను లేదు. మినీ పెండ్లికూతురై సిగ్గుతో నిలిచినప్పుడు మాత్రము రహమతునకు తన కూతురును ఇట్లే పెరిగియుండునని, ఆమెతో మఱల పరిచయము క్రొత్తగా చేసికొనవలయునని తట్టును. మినీతండ్రి దీపములు, బ్యాండుమేళము తగ్గించి ఆ పైకము వానిచేతిలో పెట్టి కూతురికడకు పొమ్మనును. ఇంటి యాడువారు చిన్నబుచ్చుకొనిరట. ఈ ముగింపు మంచిది, మేము కాదనము. కాని దానముచేసినవాడే కథ చెప్పువాడగుటచేత, వెలుగంతయు ఆయన యౌదార్యముపై పడి, మసిచేయి మఱల చీకటిలోనికి పోయినది.

మఱియొక మాట, దారిలో. గుమ్మమున ముద్దుమాటలాడిన పిల్ల, రహమతు జైలునుండి వచ్చునప్పటికి పెండ్లిపీటలమీద నుండవలసివచ్చెను. లెక్కవేసికొన్నచో ఆమె వయస్సు తెలియును. పెండ్లికూతురి బాల్యము ఆ దినముతో ముగిసినదని కథ బాధపడును గాని, ఆ బాల్యము అంత త్వరగా నెందుకు ముగియవలసివచ్చెనని ప్రశ్నింపదు. తన కూతుండ్రకును రవీంద్రుడు చిన్నవయస్సుననే పెండ్లిండ్లు చేసెను. వీరేశలింగముగారి దేశమున పెరిగిన చదువరులకు ఈ మౌనము గ్రుచ్చుకొనక మానదు.

పేరులేని యా పిల్ల యేమైనదను ప్రశ్నకు సమాధానము ‘కాబూలీవాలా’లో దొరకదు, ఇరువదియేండ్ల తరువాతి ‘డాక్‌ఘర్’లో దొరకునని మేమనుచున్నాము. వెడలిపోయిన పెద్దవాని కథ అది; కిటికీకడ మిగిలిన పిల్లవాని నాటకము ఇది. అమలునకు తల్లిదండ్రులు లేరు. మాధవుడు తెచ్చి పెంచుకొనుచున్నాడు. జబ్బుపిల్లవాడు బయటి గాలి సోకిన చచ్చునని వైద్యుడు శాస్త్రములు వల్లించి తలుపులు వేయించును. కిటికీ యొక్కటి తెఱచియుండును. దాని ముందునుండి పోవువారే వాని లోకము: పెరుగమ్మువాడు, గంట మ్రోయించు కావలివాడు, పూలుకోయబోవు సుధ. అందఱును పరులే. కన్నవారు లేరు, పెంచినవాడు భయముచేత కట్టివేసినాడు. చెలిమి చేసినవారు దారినపోవువారు.

ఈ పిల్లవాడు రవీంద్రునికి బయటినుండి దొరకలేదు. ఆయన జీవితస్మృతులలో శ్యాముడను నౌకరొకడు కనబడును. వాడు బాలునిచుట్టు సుద్దతో గీతగీసి, గీత దాటితివా ఆపద తప్పదని బెదిరించి తన పనికి పోవువాడు. రామాయణము విన్నపిల్లవాడగుటచేత ఆ గీత యెంత భయంకరమో వానికి తెలియును. పదునలుగురు సంతానమున్న సంపన్నగృహమున, నౌకర్లచేతిలో, కిటికీలోనుండి చెఱువును మఱ్ఱిచెట్టును చూచుచు గడిపిన బాల్యమది.

పెరుగమ్మువాని రంగమే నాటకమునకు ప్రాణమని మాకు తోచినది. వాడు మొదట విసుగుకొనును, కొననివాడు పిలువనేల? బేరము లేనిచోట కాలము వ్యర్థమనునది వాని వృత్తిధర్మము. అమలుడు వాని యూరిని తాను చూచినట్లే వర్ణించును: కొండక్రింద చెట్లు, ఎఱ్ఱని బాట, నీళ్లకుండలతో పోవు స్త్రీలు. తరువాత తనకును ఆ కేక నేర్పుమనును. పెరుగుకేకలో నేర్చుకొనదగిన దేమున్నదని వాడు నవ్వును. పోవునప్పుడు వెల తీసికొనక పెరుగు పెట్టి, పెరుగమ్ముటలోనున్న సుఖమును ఈ పిల్లవానివలన తెలిసికొన్నానను భావముతో వెడలును. గమనింపుడు. రహమతుకథలో పెద్దవాని దుఃఖము పిల్లవలన తీరినది. ఇక్కడ పెద్దవానికి తనపని విలువయే పిల్లవానివలన తెలియవచ్చినది. పిల్లవాడు పుచ్చుకొనువాడు మాత్రమే కాడు.

పుంగనూరు ప్రాంతమున పెరిగినవారికి ఈ రంగమును ఎవరును అనువదించి యీయనక్కఱలేదు. ఎఱ్ఱమన్ను బాట, గుండుఱాళ్ల కొండలు, ఆ కొండల క్రిందినుండి పాలకుండతో పెరుగుకుండతో వచ్చు మనిషి యన్నియు అచ్చటివే. ఆ యూరి పేరుతో ప్రసిద్ధికెక్కిన పొట్టి యావులుకూడ పిల్లవాని కిటికీ యెత్తునకు సరిపోవునవియే. మన యనువాదకులు ఇట్టి తావులను సంస్కృతసమాసములతో నింపి పెరుగువానిచేత పండితునివలె మాటలాడింతురు. నాటకము అంతటితో చచ్చును.

ఇక ఆ నాటకములోని కాగితము. అమలుని కిటికీ యెదుట రాజుగారి తపాలాయిల్లు వెలసినది. రాజు తనకును ఉత్తరము వ్రాయునని వాడు నమ్మును. ఊరిపెద్ద వెక్కిరింతగా ఒక తెల్లకాగితము తెచ్చి, ఇదిగో నీ రాజు వ్రాసినాడని యిచ్చును. అందులో నక్షరము లేదు. ఠాకుర్దా యను ముసలివాడు మాత్రము దానిని త్రోసివేయక, రాజు స్వయముగా రానున్నాడని అందున్నట్లు చెప్పును. పరిహాసమున కిచ్చిన తెల్లకాగితము నిజమైన యుత్తరమగును.

రహమతు ఱొమ్మునను కాగితమే, అమలుని చేతిలోను కాగితమే. రెండిటిలోను వ్రాత లేదు. ఒకటి పిల్ల పెద్దవానికి పంపినది, మఱియొకటి పిల్లవానికి పెద్దవారినుండి వచ్చినది. ఒకదానిలో చేయి కలదు, ఇంకొకదానిలో ఆశ తప్ప మఱేమియు లేదు. ఈ రెండు రచనలు ఒకే యుత్తరప్రత్యుత్తరమని అనుటకు మేము జంకము. మసిచేయి పంపిన పిల్లకు వచ్చిన బదులు ఆ తెల్లకాగితము. అందుచేతనే రెంటిలో ‘డాక్‌ఘర్’ గొప్పదని మా తీర్పు. అది నిరీక్షించు పిల్లవానిని రంగమునుండి తొలగింపలేదు. వాడు నిదురించినపిదప సుధ పూలతో వచ్చి, తాను మఱువలేదని వాని చెవిలో చెప్పుమనును. మినీ మఱచెను, సుధ మఱువలేదు.

ఆరోగ్యవరమును ముందు పేర్కొంటిమి. స్ట్రెప్టోమైసిను పుట్టకముందు క్షయకు మందు విశ్రాంతి, ఆహారము, గాలి. నెలలతరబడి, ఒక్కొకప్పుడు ఏండ్లతరబడి, ఇంటివారికి దూరముగా మంచముమీద నుండవలసినదే. నాటకములో పల్లెవైద్యుడు కిటికీలు మూయించును. చివర వచ్చిన రాజవైద్యుడు అన్నియు తెఱవుమనును. నాటకము వెలువడిన మూడేండ్లకు ఫ్రిమోట్‌మోలరు దొర మదనపల్లెదగ్గఱ తెఱచిన యాసుపత్రి పద్ధతి రాజవైద్యునిదే. రవీంద్రుడు వైద్యగ్రంథము వ్రాయలేదు గాని, మూసినగదియే రోగమను మాట ఆయన కంఠమున ఊరక రాలేదు. 1903లో రెండవకూతురు రేణుకయు క్షయతోనే పోయెను.

మినీ తల్లివిషయమున మాకును కథకునికిని చిన్న తగవు కలదు. రహమతును చూచినప్పుడెల్ల ఆమె భయపడును. పిల్లల నెత్తుకొనిపోవువారు లేరా, కాబూలులో బానిసత్వము లేదా యని యడుగును. కథకుడు నవ్వి ఊరకుండును. మేము నవ్వలేము. వీథి మొగము చూడని స్త్రీకి వీథినిగూర్చి చేరునవి వదంతులు మాత్రమే. ఆమెను లోపలనుంచినవారే ఆమె భయమును పరిహసించుట న్యాయము కాదు. పైగా ఆ భయము ఉత్తది కాదు. బిడ్డలను చెఱచువారిలో పరులకంటె ఎఱిగినవారే యెక్కువయని నేడు తెలిసినది. 2012లో బాలలరక్షణకై ప్రత్యేకశాసనము చేయవలసివచ్చినది. అట్లయినచో తలుపు మూయవలెనా, తెఱవవలెనా?

దీనికి మదనపల్లెలోనే పుట్టిన ఒక బాలుని చరిత్ర కొంత వెలుగిచ్చును. 1895లో అచ్చట జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి పదియేండ్లప్రాయమున తల్లిని కోల్పోయెను. 1909లో తండ్రితో అడయారు చేరినపిదప బడిలో మందుడని దెబ్బలుతినెను. తమ్ముడు నిత్యానందుడు తప్ప తోడులేని ఆ బాలుని సముద్రతీరమున లెడ్‌బీటరు చూచి, లోకగురువునకు పాత్రమగునని నిర్ణయించెను. పరులు చేరదీసిరి, చదువు చెప్పించిరి, సీమకు కొనిపోయిరి. 1911లో వానిని అధిపతిగా పెట్టి నక్షత్రసంఘము నడపిరి. తండ్రి తన బిడ్డలను తనకిమ్మని 1912లో మద్రాసున వ్యాజ్యము వేసి, అక్కడ గెలిచి, 1914లో ప్రీవీకౌన్సిలున ఓడెను. 1929 ఆగస్టు 3వ తేదీని ఓమెనులో కృష్ణమూర్తి తానే ఆ సంఘమును రద్దుచేసెను. ఆ పెద్దల ప్రేమలో కపటమున్నదని మేమనము. బిసెంటమ్మగారు ఆయనను బిడ్డగానే చూచుకొనిరి. కాని వారు బాలునిలో మఱియొకనిని చూచి, వాడు కమ్మని కోరిరి. రహమతును మినీలో మఱియొకతెను చూచినాడు; అయినను ఆమెను ఏమియు కమ్మని కోరలేదు. గుమ్మముకడ, పదిమంది చూచుచుండగా, కొంతసేపు కూర్చుండి తనదారిని తాను పోయినాడు. పిల్లవానిని తనదిగా చేసికొనకుండుటలోనే ఆ చెలిమియొక్క శుచిత్వ మున్నది. తల్లి కాచుకొనవలసినది గుమ్మమును గాదు. పిల్లను గుమ్మమునుండి తీసికొనిపోజూచు చేతిని.

ఇంతవఱకు మనలను మినీ యింటివారినిగా నెంచుకొని మాటలాడితిమి. కుప్పము రైలుస్టేషనులో తెల్లవారుజామున నిలిచి చూచినచో ఆ లెక్క తారుమాఱగును. మూడుభాషల కూడలిలోనున్న ఆ యూరినుండి దినదినము కూలిపనికై బెంగుళూరునకు బండియెక్కువారు ఎందఱో. పిల్లలు నిదుర లేవకముందు పోయి, నిదురించినపిదప తిరిగివత్తురు. భాషలకు ద్రావిడవిశ్వవిద్యాలయము 1997లో ఆ యూరనే వెలసినది. ఈ తండ్రుల భాషనుగూర్చి వ్రాయవలసిన కథలు మాత్రము చాలవఱకు వ్రాయబడలేదు. రహమతులు ఇప్పుడు మన యిండ్లనుండియే పోవుచున్నారు.

తండ్రులు మాత్రమేనా? కడప, రాయచోటి తావులనుండి కువైటునకు ఇంటిపనికై పోయిన తల్లులు వేలకొలది కలరు. పరదేశపు యజమానుని పసిపిల్లకు నీళ్లుపోసి, అన్నముపెట్టి, నిదురపుచ్చునది ఆమె. ఆమె కన్నబిడ్డ అవ్వకడ పెరుగుచుండును. అచ్చటి పిల్లకు ఆమె పరాయిది, ఆమెకు అచ్చటి భాష రాదు. అయినను ఆ పసిచేయి ఆమె మెడను చుట్టుకొనక మానదు. చుట్టుకొన్నప్పుడు ఆమెకు ఏ చేయి జ్ఞప్తికి వచ్చునో చెప్పనక్కఱలేదు. రహమతునకు కాగితమే యుండెను; ఈమెకు చేతిలోని ఫోనులో బిడ్డ మొగమే కనబడును, మాటయు వినబడును. అంతమాత్రమున దూరము తగ్గినదని చెప్పువారు, తెరమీద ముద్దుపెట్టబోయిన పిల్లను చూడనివారు. సెలవునకు వచ్చినప్పుడు బిడ్డ అవ్వకొంగు చాటున దాగి తల్లిని ‘ఎవరు?’ అని యడుగుట ఆ పల్లెలలో క్రొత్త ముచ్చట కాదు. రహమతు భయపడినది సరిగా దీనికే. 1892 నాటి కథలో తల్లి లోపలనుండి భయపడునది. నేటి కథలో తల్లియే కాబూలీవాలా. ఆ కథను తల్లివైపునుండి వ్రాయుట సులభము. కన్నీరు దానంతట వచ్చును. అవ్వయింటి గడపలో కూర్చున్న పిల్లవైపునుండి వ్రాయువారు కావలెను. ఆ పిల్లకడకు దినమును వచ్చి రెండుమాటలాడిపోవు పెరుగుమనిషి యెవరో, బస్సు కండక్టరెవరో, అంగడివాడెవరో వెదకిన రచయితకు ‘కాబూలీవాలా’లో లేని సగము దొరకును.

‘కాబూలీవాలా’ 1957లో బంగాళీలోను, 1961లో బలరాజ్ సాహనీ నటనతో హిందీలోను చలనచిత్రమై దేశమంతట కన్నీరు తెప్పించినది. ‘డాక్‌ఘర్’కు అంతటి ప్రజాదరణ కలుగలేదు, దాని పరీక్షలు వేఱుచోట్ల జరిగినవి. 1942 జూలై 18వ తేదీని, వార్సా నగరమున నాజీలు యూదులను బంధించిన పేటలో, అనాథశరణాలయమును నడపుచుండిన వైద్యుడు యానుష్ కోర్చాక్ తన పిల్లలచేత ఈ నాటకమును ఆడించెను. మూడువారములైనను నిండకముందే ఆ పిల్లలును, తప్పించుకొను వీలున్నను వారిని విడిచిపోనొల్లని యా వైద్యుడును త్రెబ్లింకాకు కొనిపోబడిరి.

మన యిండ్లలో దీనిని ఆడుటకు రంగస్థలము వలదు. ఒక కిటికీ చాలును. ‘కాబూలీవాలా’ చదివి వినిపించిన మఱునాడే దీనిని చదివి వినిపించుట మంచిది. అమలుని మాటలు ఇంటిలో అందఱికంటె చిన్నపిల్ల చదువవలెను, మాధవుని మాటలు తండ్రి చదువవలెను. తండ్రులకు ఆ పాత్ర కొంత కష్టముగా నుండును. పెరుగువాని కేకను మాత్రము పుస్తకములోనున్నట్లు చదువరాదు. ఆ యుదయమున తమ వీథిలో విన్న కేకనే పెట్టవలెను. పుంగనూరులో అది యెట్లుండునో మదనపల్లెవారును కుప్పమువారును వాదులాడుకొననక్కఱలేదు. పుంగనూరు పిల్లల నడిగిన చెప్పుదురు.